అత్త కొనుక్కున్న ఫ్లాటు

మొన్న పేపరుతో పాటు భోగాపురం వైపు కడుతున్న అపార్టుమెంట్ల కరపత్రం ఒకటి వచ్చింది. గదిగదికీ గాలీ వెలుతురూ అని అచ్చు వేశారు. మనవైపు వాళ్ళం మేడలంటే మోజుపడ్డ తొలిరోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఆ రోజుల్లో విజయనగరంలో ఒక ఇంజనీరుగారి దగ్గర ప్లాన్లు గీసిన నాకు, అది చదివాక అన్నం సయించలేదు.

ఎండ ఎటు పడుతుందో, గాలి ఎటునుంచి వీస్తుందో, సాయంత్రాలు ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుంటారో చూసుకున్నాకే గోడ గీయమని ఆయన నేర్పారు. అలాగే ఒక బియ్యం వర్తకుడు ఫ్లాట్లుగా అమ్మడానికి కట్టిస్తున్న మూడంతస్తుల మేడకి నడుమ ఆకాశం కనిపించేలా ఖాళీ వదిలి, వంటిళ్ళ కిటికీలన్నీ దానిలోకి తెరుచుకునేలా గీశాను. ఇంజనీరుగారు జబ్బుపడి ఆఫీసుకు రాని రోజుల్లో ఆ వర్తకుడు నా బల్ల దగ్గరికి వచ్చి, “నడుమ ఆ ఖాళీ ఏటికమ్మా? మూసేస్తే అంతస్తుకో గది వస్తాది” అన్నాడు. కూడదని చెప్పాలని తెలుసు. కొత్త ఉద్యోగమన్న భయం, పెద్ద పని నా చేతి మీద నడుస్తోందన్న కాస్త గర్వం కలిసి నా నోరు కట్టేశాయి. మార్చి గీసిచ్చాను. ఇంజనీరుగారు కోలుకుని వచ్చేసరికి గోడలు లేచిపోయాయి.

గజపతినగరంలో ఉండే మా మేనత్త, పిల్లలు లేని మనిషి, మావయ్య పోయాక నాకు దగ్గరగా ఉంటుందని ఆ మేడలోనే ఫ్లాటు కొనుక్కుంది. నా మేనకోడలు గీసిన ఇల్లని ఊరంతా చెప్పుకుంది. వద్దనడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ వేసవిలో పట్టపగలు లైటు వేసుకుని వండుకునేది. ఉక్క భరించలేక మెట్ల మలుపులో పీట వేసుకుంటే దారికి అడ్డమని పక్కవాళ్ళు విసుక్కునేవారు. “గాలి ఎటునుంచి వస్తాదే అమ్మీ? నువ్వే గీసినావు కదా, సెప్పు” అని ఎత్తిపొడుపేమీ లేకుండా అడిగితే, మాట మార్చేశాను.

ఒక మధ్యాహ్నం వంటింట్లో సొమ్మసిల్లి పడిపోయింది. ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పేశాను. అత్త “తెలీక గీసినావనుకున్నానే” అని అటు తిరిగి పడుకుంది.

తర్వాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఫ్లాటు వదిలేసి, నేను అద్దెకుంటున్న పెంకుటింటికి వచ్చి, ఉన్నన్నాళ్ళూ నాతోనే ఉంది. అత్త అలా పడిపోయిన నాటి నుంచి, అలాంటి మార్పులు అడిగినవాళ్ళకి గీయనని చెప్పి కొన్ని పనులు పోగొట్టుకున్నాను కానీ, దానితో మనసేమీ తేలికపడలేదు. ఆఫీసు నుంచి చెమటతో వచ్చిన నన్ను చూసి అత్త పెరటి గుమ్మంలోంచి పక్కకి జరిగి, “ఇటు కూకోవే, గాలి తగుల్తాది” అన్నప్పుడల్లా ప్రాణం చివుక్కుమనేది.

ఇప్పటి పిల్లలు ఎండా గాలీ ఎటు తిరుగుతాయో కంప్యూటరులోనే చూసి గీస్తున్నారు, సంతోషమే. మా వీధిలో మాత్రం కిటికీలన్నీ బిగించి ఉంటాయి, ఏసీల నీళ్ళు గోడల మీద కారుతుంటాయి. సాయంత్రం గుమ్మంలో కాస్త జరిగి, రా కూర్చోమని పిలిచేవాళ్ళెవరూ కనిపించరు.