కోపంగా పైకి రా

ముందే ఒక మాట. నా మాటల్లో తరుగు ఎక్కువ. బంగారం కొట్టులో తీసినట్టు, మా ఆవిడ నేనేం చెప్పినా మూడింట రెండు వంతులు తరుగు తీసేసి మిగిలింది మాత్రమే నమ్ముతుంది. వానలో ఆఫీసు నుంచి మియాపూర్ రావడానికి ఆరు గంటలు పట్టిందంటే, "రెండు గంటలా, పాపం" అని కాఫీ ఇస్తుంది. మీరూ అదే లెక్కన చదువుకోండి. కాకపోతే పెంచడం వేరు, పుట్టించడం వేరు. ఇందులో నేను పుట్టించింది ఒకటే ఉంది. అదేదో చివర్లో ఒప్పుకుంటాను.

నేను పనిచేసేది మాదాపూర్‌లో నలభై అంతస్తుల అద్దాల మేడలో. అసలు ఆఫీసు మాత్రం గేటు బయట ఉన్న టీ బండి. లోపల చర్చిస్తాం, బండి దగ్గర తేలుస్తాం. ఎవరికి ఏ ప్రాజెక్టు, ఎవరి సెలవుకి మోక్షం, ఎవరి నెత్తిన ఏ పీడ, అన్నీ ఆ పొగలోనే ఖాయమవుతాయి. పొగ తాగనివాళ్ళు టీ ముగించి సీట్లోకి వెళ్ళేసరికి, ఎవరికీ అక్కర్లేని పని వాళ్ళ మెయిల్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంటుంది. చేరిన కొత్తలోనే నాకీ రహస్యం తెలిసిపోయింది. అందుకే పంతొమ్మిదేళ్ళుగా నేనూ ఒక సిగరెట్టు వెలిగించి పట్టుకుంటున్నాను. పట్టుకుంటానంతే, పీల్చను. పేరంటంలో తాంబూలం పట్టుకున్నంత మర్యాదగా వేళ్ళ మధ్య ఉంచుకుంటాను. దానంతటది కాలిపోతుంది.

మా మేనేజరు నాకంటే పదేళ్ళు చిన్న. "అన్నా, ఇగ అంటించు" అని లైటరు చాపుతాడు. వద్దు అనే మాట నా నోటికి పుట్టుకతోనే రాలేదు.

ఇలాంటి మనిషి దగ్గరికి ఒక గురువారం సాయంత్రం మా అమ్మాయి సలహాకి వచ్చింది. ఒక్కతే కూతురు, పదహారేళ్ళు, ఇంటర్ మొదటి సంవత్సరం. నాది నల్గొండ వైపు, మా ఆవిడది కోస్తా. పిల్ల ఒకే వాక్యాన్ని అమ్మ యాసలో మొదలుపెట్టి నా యాసలో ముగిస్తుంది.

"డాడీ, ఒకటి అడుగుతా. జోకులెయ్యొద్దు."

ఒకటో తరగతి నుంచి వాళ్ళు నలుగురూ ఒక జట్టు. ముగ్గురు ఆడపిల్లలు, ఒక మగపిల్లాడు. ఆ మగపిల్లాడి జేబులో ఈమధ్య వేప్ ఒకటి, అదే బ్యాటరీ సిగరెట్టు, చేరింది. చూడటానికి పెన్నులా ఉంటుంది, మామిడిపండు వాసన వేస్తుంది. పోయిన నెల మెట్రో మెట్ల కింద అది చేతులు మారుతుంటే మా అమ్మాయి వద్దంది. ఆ రోజు నుంచి మా పిల్ల పేరు ఆంటీ. "ఆంటీ, మోకాళ్ళ నొప్పులెట్లున్నయ్?" అని మెసేజీలు. ఇంకో వారానికి ఆంటీ లేకుండా ముగ్గురితో కొత్త గ్రూపు తయారైంది. ఇప్పుడు వచ్చే ఆదివారం మధ్యాహ్నం హఫీజ్‌పేట్‌లో జట్టులోని ఒకమ్మాయి పుట్టినరోజు. వాళ్ళమ్మానాన్నలు ఏదో పెళ్ళికి వెళుతున్నారు, ఇంట్లో పెద్దవాళ్ళెవరూ ఉండరు.

"పోకుంటే ఇగ ఎప్పటికీ పిలవరు. పోతే అది చేతిల పెడతరు. నాకు అది వద్దు డాడీ. వాళ్ళు కావాలి."

నేను కుర్చీలో సర్దుకున్నాను. పదహారేళ్ళలో నా కూతురు నన్ను సలహా అడగడం అదే మొదటిసారి. అంతకుముందు అడిగినవన్నీ వైఫై పాస్‌వర్డులే.

"ఆఫీసుల నీకు ఎవరన్నా ఇస్తే ఎట్ల వద్దంటవ్?" అంది.

"అదెంత పని?" అన్నాను. ఆ రాత్రి కూర్చుని ఇరవై ఏడు పాయింట్లతో ఒక పత్రం తయారుచేసి, మర్నాడు ఆఫీసు ప్రింటర్లో రంగుల్లో అచ్చు వేయించాను. మొదటి పాయింటు, ధూమపానం ఆరోగ్యానికి హానికరం. అమ్మాయి అక్కడే ఆగిపోయింది.

"ఇది చదివితే వాళ్ళు సినిమా మొదలైందనుకుని పాప్‌కార్న్ తెచ్చుకుంటరు."

"మరేం చేద్దాం?"

"యాక్టింగ్ చేద్దాం. నేను వాళ్ళు. నువ్వు నేను." పౌచ్‌లోంచి గులాబీరంగు హైలైటరు తీసి నా ముందు ఆడించింది. మొహం ఒక్కసారిగా మారిపోయింది. ఎవరో కొత్తపిల్ల మా భోజనాల బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నట్టుంది.

"ఒక్క పఫ్ రా. మామిడిపండు ఫ్లేవర్."

"వద్దు. ఆరోగ్యానికి..."

"అందరం కొట్టినం. అంటే మేమంతా చెడ్డోళ్ళం, నువ్వొక్కదానివే మంచిదానివా?"

"అయ్యో, నేను గట్లెందుకనుకుంట?"

"అనుకోకుంటే పట్టు. నోట్లో పెట్టకు, ఊరికే పట్టుకో."

పట్టుకున్నాను.

"ఇంకెట్లాగూ పట్టుకున్నవ్ గదా."

హైలైటరు నా పెదవుల మధ్య ఉంది. మొత్తం నలభై సెకన్లు పట్టలేదు.

రెండోసారి "సగం" అని బేరమాడాను. మూడోసారి నిజంగానే గట్టిగా వద్దన్నాను. అమ్మాయి మొహం అటు తిప్పుకుని లేని స్నేహితులతో నవ్వింది. ఆ నవ్వుని ఐదు సెకన్లు ఓర్చుకుని, హైలైటరు నేనే అడిగి తీసుకున్నాను.

మా ఆవిడ గోంగూర తుంచుతూ ఇదంతా చూస్తోంది. "పెళ్ళిచూపుల్లోనూ ఇంతేనండీ మీరు. మా నాన్నగారు మూడుసార్లు కాఫీ ఇస్తే మూడుసార్లూ తాగారు. అదే ఊపులో అమ్మాయి నచ్చిందా అంటే దానికీ సరే అనేశారు."

అమ్మాయి నా చేతిలోంచి హైలైటరు తీసుకుని మూత పెట్టింది. "సరే డాడీ. నేను చూసుకుంట. ఆదివారం నువ్వు కిందనే ఉండు, ఫోన్ చేతిల పెట్టుకో."

ఇక్కడ నా ఆస్తి గురించి కొంచెం చెప్పాలి. ఇంట్లో నాకున్న గౌరవం మీరు చూశారు. బయట మాత్రం మా అమ్మాయి జట్టులో నన్ను కిరాక్ అంకుల్, అంటే అదిరిపోయే అంకుల్, అంటారు. ఈ బిరుదు ఊరికే రాలేదు. పదేళ్ళపాటు ఆ నలుగురినీ కార్లో కుక్కుకుని కూకట్‌పల్లిలో ట్యూషన్లకు తిప్పాను. దారి పొడుగునా నవ్వించాను. పానీపూరీ బండి దగ్గర వాళ్ళతో పందెం వేసి నూట నలభై పానీపూరీలు తిన్నాను. మిగతా తండ్రులు వస్తుంటే సర్దుకుని నిలబడే పిల్లలు, నన్ను చూస్తే "హాయ్ అంకుల్" అని ఎగిరేవాళ్ళు. బట్టతల వచ్చాక మనిషికి అంతకుమించి ఏం కావాలి?

ఆదివారం మూడింటికి అమ్మాయిని హఫీజ్‌పేట్‌లో దించి, ఆ అపార్టుమెంటు గేటు ఎదురుగా కారు ఆపుకున్నాను. కొత్త డ్రెస్సు, చేతిలో కానుక ప్యాకెట్టు. లోపలికి వెళుతూ వెనక్కి తిరిగి చూడలేదు. తరవాతి గంట నేను పడ్డ పరేషాన్ ఏ ఆపరేషన్ థియేటర్ బయటా ఎవరూ పడి ఉండరు. ఫోను వంద సార్లు చూశాను. కారు దిగి, రోడ్డు దాటి, పాన్ డబ్బా దాకా వెళ్ళి, చేతికి ఏదో ఒక ఆసరా కావాలి కనుక ఒకటి అంటించి పట్టుకున్నాను. పట్టుకున్నానంతే.

నాలుగూ పదికి మెసేజీ వచ్చింది.

"డాడీ, పైకి రా. కోపంగా రా."

వాళ్ళ ఫ్లాటు నాలుగో అంతస్తు. లిఫ్టు అద్దంలో కోపం తెచ్చుకోబోయాను. మొదటి అంతస్తులో పంటినొప్పిలా వచ్చింది. రెండో దాంట్లో తుమ్ము వచ్చి ఆగినట్టు. మూడో దాంట్లో మా పెళ్ళి ఫోటోలో ఉన్న మొహం వచ్చింది. నాలుగో అంతస్తు వచ్చేసింది.

తలుపు తీసింది పుట్టినరోజు పిల్ల. నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"న... నమస్తే అంకుల్."

పదేళ్ళలో ఆ పిల్ల నాకు నమస్తే పెట్టలేదు. అసలు సంగతేమిటంటే, వేప్ తన వంతుకి రాగానే మా అమ్మాయి వాళ్ళకో కథ చెప్పింది. మా డాడీ బయట జోకులేస్తాడు, ఇంట్లో వేరే మనిషి. గుమ్మంలోనే నిలబెట్టి నోరు వాసన చూస్తాడు. ట్రాఫిక్ పోలీసుల దగ్గరుండే ఊదే మిషను ఇంట్లో పెట్టాడు. అనుమానమొస్తే మర్నాడే రక్త పరీక్ష. మీ అందరి డాడీల నంబర్లూ ఆయన ఫోన్లో ఉన్నాయి. మా పిల్లకి ఈ విద్య ఎవరి నుంచి వచ్చిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఆడపిల్లలిద్దరూ నమ్మేశారు. వేప్ పిల్లాడు మాత్రం "కిరాక్ అంకులా? ఛల్!" అని నవ్వాడట. "అయితే పిలుస్త, చూడు" అంది మా అమ్మాయి.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. గుమ్మంలో నిలబడ్డప్పుడు తెలిసింది ఒక్కటే: నాలుగు జతల కళ్ళు నా మీదే ఉన్నాయి. వాటిలో ఒక జత నా కూతురిది. తన కథ నిలబడటం, కూలిపోవడం నా మొహంలోనే ఉంది.

"ఏంది గిది?" అన్నాను.

అది నా గొంతు కాదు, మా నాన్నది. నలభై ఏళ్ళ కింద దాచుకున్నది ఎక్కడినుంచో బయటికొచ్చింది. పిల్లాడు చెయ్యి జేబులో దాచుకున్నాడు. ఆ జేబులోంచి ఘుమఘుమా మామిడిపండు వాసన. అంతే, నా నాలుక చివరికి ఒక జోకు వచ్చి కూర్చుంది. "ఏం బిడ్డా, జేబులో పండ్లు మాగబెట్టినవా?" అంటే చాలు, గది మొత్తం గొల్లుమంటుంది. భయం పోతుంది. నేను మళ్ళీ కిరాక్ అంకుల్‌ని. ఆ జోకు లైటరు చాపుతున్న మేనేజరులా నా ముందు నిలబడి, ఇగ అంటించు అంటోంది.

మా అమ్మాయి వైపు చూశాను. తల కొద్దిగా, కనపడీ కనపడకుండా అడ్డంగా ఊపింది.

జోకు మింగేశాను. అప్పటిదాకా నా జన్మలో నేను వద్దని చివరిదాకా నిలబడింది దాని ముందు ఒక్కసారే.

"నోరు తెరువు," అన్నాను అమ్మాయితో. తెరిచింది. పైనాపిల్ కేకు, చిప్సు. "నడువు."

"సారీ అంకుల్," అన్నాడు పిల్లాడు వెనకనుంచి. పది సంవత్సరాల పానీపూరీలు ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయాయి.

లిఫ్టు తలుపు మూసుకోగానే అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. "డాడీ, ఏంది గిది అన్నవ్ చూడు, మస్తుండె." నేనూ నవ్వాను. నవ్వుతూ నా భుజమ్మీద తల పెట్టింది. పెట్టి, ఆగిపోయింది. చొక్కా వాసన చూసింది.

"నీ దగ్గర సిగరెట్టు వాసనొస్తుంది."

"ఊరికే పట్టుకున్న బిడ్డా."

"హైలైటర్ కూడా పట్టుకున్నవ్."

కిందికి వచ్చేదాకా మళ్ళీ నవ్వలేదు.

ఆ సాయంత్రమే పాత గ్రూపులో కదలిక వచ్చింది. పుట్టినరోజు పిల్ల విడిగా మా అమ్మాయికి ఇలా రాసింది: "మీ డాడీ మా డాడీకి ఫోన్ చేస్తా అన్నడని నేను కూడా చెప్పుకోవచ్చా? నాక్కూడా అది వద్దే." ఆంటీ అన్న పేరు పోయింది. నాకు కొత్త పేరేదో పెట్టారు, అదేమిటో మా అమ్మాయి చెప్పడం లేదు. వేప్ ఇంకా ఆ పిల్లాడి జేబులోనే ఉందట, మా అమ్మాయి దగ్గరికి మాత్రం రావడం లేదు. నన్ను పానీపూరీ బండి దగ్గర చూస్తే ముగ్గురూ రోడ్డు అవతలికి దాటిపోతారు.

సోమవారం టీ బండి దగ్గర మేనేజరు లైటరు చాపాడు.

"వద్దు. మా బిడ్డ నోరు వాసన చూస్తది."

అందరూ టీ ఒలకబోసుకుని నవ్వారు. "ఏందన్నా, బిడ్డకు భయపడతవా?"

"ఊదే మిషన్ కూడా కొన్నది."

పక్క టీములో పనిచేసే పెద్దమనిషి ఒకాయన నవ్వడం ఆపేసి, తన సిగరెట్టు కింద పడేసి, "అది ఎక్కడ దొరుకుతుందండీ? మా ఇంట్లోవాళ్ళకి దాని సంగతి తెలియదు కదా?" అని నెమ్మదిగా అడిగాడు. నేను సీట్లోకి వెళ్ళేసరికి ఎవరికీ అక్కర్లేని పని నా మెయిల్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

ఇక ఒప్పుకోలు. మేడ పద్నాలుగు అంతస్తులే. పాయింట్లు తొమ్మిది. పానీపూరీలు ముప్ఫై రెండు, వాటికే రెండు రోజులు మంచం దిగలేదు. ఇవన్నీ తరుగులో పోయే సరుకు.

పుట్టించింది మాత్రం ఒకటే. పట్టుకుంటానంతే, పీల్చను అన్నది. పీల్చేవాణ్ణి. పంతొమ్మిదేళ్ళూ పీల్చాను. మొదటివారం మాత్రం నిజంగా ఊరికే పట్టుకున్నాను, ఎట్లాగూ పట్టుకున్నాను గదా అని రెండోవారం మొదలైంది. హఫీజ్‌పేట్‌లో ఆ గంటలో రెండు కాల్చాను. ఆ సోమవారం తర్వాత కూడా రెండుసార్లు తప్పాను. ఆ అబద్ధాన్ని మా ఆవిడ ఎప్పట్లాగే మూడో వంతు నమ్మింది. తరుగు తీయకుండా పూర్తిగా నమ్మింది మా అమ్మాయి ఒక్కతే, లిఫ్టు దాకా.

ఇది అచ్చయితే తను చదువుతుంది. చదివి నా గదిలోకి వస్తుంది. కోపంగా రావడం ఈసారి తన వంతు. నేను నోరు తెరిచి కూర్చుంటాను.