తడి దూలం

గురునాయుడు ఏ గోడ పక్కన నిలబడ్డా వేలి కణుపుతో తట్టి, లోపల బోలుగా ఉందేమోనని చెవి పెట్టి వింటాడు. పగిలిన కాంక్రీటు దూలాలకు బలం కోసం జిగురుతో ఫైబర్ గుడ్డ అంటించడం అతని పని. 2003లో ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక చేపల కోల్డ్ స్టోరేజీలో, దూలం తడిగా ఉందని తెలిసి కూడా, యజమాని తొందరపెడితే అంటించేశాడు. లోపలి తడి గడ్డకట్టి, ఆరు నెలలకే గుడ్డ పెచ్చుతో సహా ఊడి, కింద రొయ్యలు సర్దుతున్న దేముడమ్మ చేతి మీద పడింది. రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. ఇప్పుడామె హార్బర్ గేటు దగ్గర టీ అమ్ముతోంది. గురునాయుడు రోజూ అక్కడ ఆగి, తల వంచుకుని తాగుతాడు.

ఒకరోజు ఆమే అంది: “నీ తప్పేటుంది బాబూ, ఆ సలికి రాయైనా పగిలిపోద్ది.”

“సలి కాదమ్మా...” అన్నాడతను.

“మరేటి?”

గురునాయుడు గ్లాసు ఖాళీ చేసి ముందుకు జరిపాడు. “ఏటీ నేదు. ఇంకో టీ ఇయ్యి,” అన్నాడు.