ఎనిమిది గళ్ళ తప్పు

నా చిన్నప్పుడు, అంటే పదహారేళ్ళు నిండీ నిండనప్పుడు, లెక్కలంటే నాకు జ్వరం వచ్చేది. పదో తరగతి ఎలాగో గట్టెక్కాను. ప్లస్ టూలో చేరడానికి పోతే తిరుత్తణి స్కూల్లో హెడ్‌మాస్టరమ్మ నా మార్కులు చూసి, లెక్కలు లేని సెకండ్ గ్రూపులో వేసింది. పీడ వదిలిందని ఆ రోజు రెండు ఇడ్లీలు ఎక్కువే తిన్నాను. కానీ ముందు వాకిట్లోంచి తరిమేసిన లెక్క ఫిజిక్సు పేరు పెట్టుకుని పెరటి వాకిట్లోంచి దూరింది. ఏటవాలు అంటారు, వైశాల్యం అంటారు, బోర్డు నిండా ఏవో గుర్తులు. మాకు పాఠం చెప్పే అయ్య మంచివాడే. అయితే అలాంటిచోటికి రాగానే, "ఇది ఫస్ట్ గ్రూపు వాళ్ళకి అర్థమవుతుంది, మీరు మనపాఠం చేసేయండి" అని ముందుకు పోయేవాడు.

అర్థం కానిదాన్ని బట్టీపట్టి మనపాఠం చేయడం నాకు చేతకాలేదు. ఇంట్లో మా నాయన ముందే తెగేసి చెప్పాడు. ఫిజిక్సులో మంచి మార్కు వస్తే తిరువళ్ళూరుకు రైలు పాసు తీసి కాలేజీకి పంపుతాడు, లేకుంటే మగ్గం గుంటలోకి దిగాల్సిందే. మా నేతవీధిలో అప్పటిదాకా కాలేజీ మెట్టు ఎక్కిన ఆడపిల్ల లేదు.

నన్ను ఆదుకున్నది మా చిన్నాయన. అయిదో క్లాసుతో ఆపేసినవాడు. చీర అంచుల బొమ్మలు గళ్ళ కాగితం మీద గీసి నేతగాళ్ళకు ఇవ్వడం ఆయన పని. ఒక్కో గడి ఒక్కో పోగు అన్నమాట. ఒక సాయంత్రం నేను పుస్తకం ముందు కూర్చుని ఏడుస్తుంటే పక్కన చేరి, బొమ్మలోని గీతను చాలాసేపు చూశాడు. "ఇదేమ్మా, చీరలో గోపురం అంచు మాదిరే ఉండాది. ఇన్ని గళ్ళు అడ్డం పోతే ఇన్ని గళ్ళు పైకి పోతాది. అంతే గదా?" అన్నాడు. ఏటవాలంటే అంతే. రెండేళ్ళుగా ఎవరూ నాకు అంత మాట చెప్పలేదు. గీత కింద వైశాల్యం కావాలంటే గళ్ళు ఒకటీ రెండూ అని ఎంచమన్నాడు. సగానికి మించి నిండినదాన్ని ఒకటిగా పట్టు, తక్కువైనదాన్ని వదిలెయ్ అన్నాడు. కళ్ళజోడు ముక్కు మీదికి జారుతుంటే పెన్సిలు మొనతో ఒక్కో గడినీ తాకుతూ నాతో పాటు ఎంచేవాడు. తన పనికి తెచ్చుకున్న కాగితాలే నాకు ఇచ్చేవాడు. నాకు ఫిజిక్సు మీద ఇష్టం కలిగింది అక్కడే.

ప్రాక్టికల్ పరీక్షలో నాకు లోలకం వచ్చింది. దారం పొడవు మార్చి మార్చి ఊపి, కాలం కొలిచి, గ్రాఫు గీయాలి. కొలతలన్నీ చక్కగా వచ్చాయి. చుక్కలు మాత్రం ఒక్క గీత మీదికి రాలేదు, ఒకటి ఇటు, ఒకటి అటు. చెమట పట్టేసింది. ఏదో ఒక గీత ఈడ్చి, తప్పు జవాబు రాసి బయటపడ్డాను. ఇంటికి వచ్చి చూసుకుంటే తెలిసింది. పడుగూ పేకా ఒకే ఒత్తుగా ఉండవు కాబట్టి చిన్నాయన కాగితంలో లావు గీతకూ లావు గీతకూ నడుమ నిలువుకు పది గళ్ళుంటే అడ్డానికి ఎనిమిదే ఉంటాయి. స్కూలు కాగితంలో రెండువైపులా పదే. నా చెయ్యి మాత్రం అలవాటుగా అడ్డానికి లావు గీతకు ఎనిమిది చొప్పునే ఎంచి చుక్కలు పెట్టేసింది.

ఫిజిక్సు అయ్య టీకొట్టు దగ్గర ఆ సంగతి నోరుజారినట్టున్నాడు, మా నాయన మండిపడుతూ ఇంటికి వచ్చాడు. అరుగు మీద చిన్నాయన కూడా ఉన్నాడు. నాయన చెయ్యి ఎత్తేసరికి నా నోట్లోంచి వచ్చిన మాట, "చిన్నాయన కాగితం వల్లే" అని.

అది అబద్ధం. మొదటిరోజే ఆయన చెప్పాడు, "మా కాగితం వేరే, మీ ఇస్కూలు కాగితం వేరే. ముందు గళ్ళు ఎన్నుండాయో ఎంచుకో, ఆమీద చుక్క పెట్టు" అని. నాకు గుర్తుంది. ఆయనకూ గుర్తుంది, నా వైపు చూసిన చూపులో తెలిసిపోయింది. అయినా తల దించుకుని, "తప్పు నాదే అన్నా. బిడ్డ నేను నేర్పినట్టే చేసినాది" అన్నాడు.

"అయిదో క్లాసోడివి, నీకెందుకురా ఫిసిక్సు!" అన్నాడు నాయన. ఆ కోపమంతా అటు పోయింది. తప్పు పిల్లది కాదని నమ్మాడు కాబట్టే, మార్కు తగ్గినా నన్ను కాలేజీకి పంపాడు. కానీ ఆ మాట వీధంతా పాకింది. నన్ను చూసి లెక్కలు అడగడానికి చిన్నాయన అరుగు మీదికి వస్తున్న పిల్లలను తల్లులు మానిపించేశారు.  ఆయన ఒంటరిగా కూర్చుని అంచులు గీసుకునేవాడు.

కాలేజీ రెండో ఏడు ఒకనాడు గుండె గట్టి చేసుకుని ఆయన దగ్గరికి పోయాను. నేను నోరు తెరవకముందే, "పోనీలేమ్మా. నువ్వు ఆ పొద్దు నన్ను అనకుంటే మీ నాయన నిన్ను గుంటలోకి దించేసుంటాడు" అన్నాడు. నేను ఏడ్చానే గానీ, లోపలికి పోయి నాయనకు నిజం చెప్పలేదు. రేపు చెప్తాను, పండగ పోయాక చెప్తాను అనుకుంటూ ఉండగానే చిన్నాయన పోయాడు. ఆయనను మోసుకుపోయినప్పుడు కూడా వీధిలో ఎవరో ఆ పరీక్ష సంగతే ఎత్తారు. నేను విన్నాను. నోరు మూసుకునే ఉన్నాను.

తరువాత ముప్పై ఏళ్ళు పిల్లలకు ఫిజిక్సు చెప్పాను. ల్యాబులో ఏ పిల్లయినా తన తప్పును పక్కదాని మీదికి నెడితే నాకు కోపం వచ్చేది కాదు. దగ్గరికి పోయి, "నువ్వే చేసినావా?" అని మెల్లగా అడిగేదాన్ని. అవునన్న బిడ్డను ఒక్క మాట అనేదాన్ని కాదు. ఆ ఒక్క అవును నా నోట రాక ఒక మంచి మనిషి చచ్చేదాకా తలవంచుకుని బతికాడు.