ఎర్ర చుక్కల ఫ్లాంజర్

మా గిటార్ సార్ పోయారని కబురొచ్చినప్పుడు నేను ఇంట్లో మగ్గానికి కండెలు చుడుతున్నాను. వనపర్తి నుంచి సార్ భార్య ఫోన్ చేశారు. "సార్ లేడమ్మా. పొద్దున దుకాణంల మోటర్ ఇప్పుకుంట కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. దవాఖానకు తీస్కపోయే లోపలనే అయిపోయింది" అన్నారు. నేను రాట్నం ఆపి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపు నిజమైనది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత రాసింది చదివి ఈమెకు గురువు మీద ప్రేమే లేదని మీరు అనుకోవచ్చు. ప్రేమ ఉంది కాబట్టే ఇంత మండుతోంది.

సార్‌కు వనపర్తిలో బోరు మోటార్ల వైండింగ్ దుకాణం ఉండేది. దుకాణం వెనక గదిలో గిటార్ నేర్పేవారు. పెళ్లిళ్లకూ రిసెప్షన్లకూ ఆర్కెస్ట్రా నడిపేవారు. నాది గద్వాలలో చేనేత కుటుంబం. వారానికి రెండు రోజులు గిటార్‌ను పాత చీరలో చుట్టుకుని, ఆత్మకూరు మీదుగా పోయే బస్సెక్కేదాన్ని. పాఠం అయ్యాక సార్ బస్టాండు దాకా వచ్చేవారు. నాకు సీటు దొరికి బస్సు కదిలే వరకు అక్కడే నిలబడేవారు. చేతులకు గ్రీజు అంటి ఉండేది కాబట్టి చెయ్యి ఊపేవారు కాదు, తల ఊపేవారు.

ఆయన దగ్గర ఫ్లాంజర్ అనే పెడల్ ఒకటి ఉండేది. అరచేతంత ఇనుప డబ్బా, పైన రేటు, డెప్త్, రెజొనెన్సు, మాన్యువల్ అని రాసి ఉన్న, తిప్పే నాలుగు నాబులు, కింద కాలితో నొక్కే మీట. గిటార్ శబ్దాన్ని అది అలలు అలలుగా ఊపుతుంది. మొదటిసారి విన్నప్పుడు నా ఒళ్లు జల్లుమంది. అలాంటిదే ఒకటి పాతది హైదరాబాద్ నుంచి నాకూ తెప్పించి ఇచ్చారు.

"ఇది లోపల ఏం చేస్తది తెలుసా?" అని అడిగారు ఆ రోజు. "నీ సప్పుడును రెండు చేస్తది. ఒకటి తిన్నగ పోతది. ఇంకోటి జరంత ఆలస్యంగ పోతది. ఆ ఆలస్యం పెరుక్కుంట, తగ్గుకుంట ఉంటది. రెండూ కలిసిన కాడ ఈ ఊపు పుడ్తది. రెండోది లేకుంటే ఏం లేదు."

నేర్పడంలో ఆయన ఏదీ దాచుకోలేదు. అడాప్టర్ పిన్నుకు లోపల మైనస్, బయట ప్లస్ ఉండాలని, ఉల్టా పెడితే డబ్బా కాలిపోతుందని ముందు చెప్పారు. గిటార్ నుంచి వచ్చే వైరు కుడివైపు, శబ్దం పెంచే ఆంప్‌కు పోయే వైరు ఎడమవైపు. శబ్దాన్ని గరుకు చేసే డిస్టార్షన్ పెడల్ ముందు, ఫ్లాంజర్ దాని వెనక. వాయించడం అయిపోగానే కుడివైపు వైరు పీకేయాలి, లేకపోతే బ్యాటరీ ఊరికే అయిపోతుంది. నేను మరిచిపోయి ఇంటికి పోతే, మర్నాడు ఫోన్ చేసి మరీ తిట్టేవారు.

"నాలుగు నాబులూ పన్నెండు గంటల కాడ పెట్టు. ఇప్పుడు రేటు కిందికి తీస్కరా. ఇంకా. నడిచే మనిషి లెక్క పోవాలె, ఉరుకొద్దు. డెప్త్ జర ఎక్కియ్యి. రెజొనెన్సు సగం దాటియ్యకు, దాటిస్తే పాట పోయి విమానం సప్పుడు వస్తది. మాన్యువల్ నాబు ఆఖరుకు, చెవి పెట్టి తిప్పు." అంతా కుదిరాక, "మీ ఆడపిల్లల గోళ్లరంగు ఉంటది గద, ఉంటే పట్కరా" అన్నారు. నా ఎర్ర గోళ్లరంగుతో ఆయన పెడల్ మీదా నా పెడల్ మీదా ఒకేచోట చుక్కలు పెట్టారు. "పాట మొత్తం నొక్కి ఉంచకు. పాట ఎత్తుకునేటప్పుడు నొక్కు, పల్లవి రాంగనే తీసెయ్" అనేవారు. ఆ మాట ఇప్పటికీ నా కాలికి గుర్తుంది.

ఏడాది తిరక్కుండానే నన్ను స్టేజీ ఎక్కించారు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. వైర్లు సార్ తప్ప ఎవరూ ముట్టకూడదు. నా పెడల్ నుంచి కాళ్ల దగ్గరి చిన్న ఆంప్‌కు, అక్కడి నుంచి స్టేజీ కింద కూర్చుని ఎవరి శబ్దం ఎంత వినపడాలో చూసే మిక్సర్ అన్న దగ్గరికి అన్నీ ఆయనే కలిపేవారు. నేను అందరికంటే ముందు నిలబడేదాన్ని. సార్ వెనక కీబోర్డు పక్కన కుర్చీలో కూర్చుని, నేను వాయించేదే వాయించేవారు. ఎందుకని అడిగితే, "పెడల్ లోపల జరిగేదే స్టేజీ మీద జరగాలె బిడ్డా. ఇద్దరం ఒకటే వాయిస్తే సప్పుడు నిండుగ ఉంటది" అన్నారు. ఎంత బాగా చెప్పారని నేను పొంగిపోయాను.

కొల్లాపూర్‌లో ఒక పెళ్లి మామిడితోటలో జరిగింది. జనరేటర్ వల్ల స్పీకర్లలో ఒకటే గుయ్యిమని రొద. సార్ పట్టుచొక్కాతోనే నేల మీద బోర్లా పడుకుని ఒక్కో వైరు తడిమి, పాడైన పిన్ను పట్టుకున్నారు. లేచేసరికి చొక్కా నిండా ఎండుటాకులు. తెలకపల్లిలో ఒక రిసెప్షన్‌లో, ఎత్తుకోవడం మధ్యలో నా గిటార్ తీగ ఠప్పున తెగింది. నేను బిత్తరపోయి చేతులు వదిలేశాను. పాట మాత్రం ఆగలేదు, జనం ఈలలు వేస్తూనే ఉన్నారు. దిగాక సార్ నవ్వి, "నేనున్న గద, నీ సందు నింపిన" అన్నారు. నేను వంగి ఆయన కాళ్లకు మొక్కాను.

నేను స్టేజీ ఎక్కిన కొత్తలోనే, గద్వాలలో మా బంధువుల పెళ్లికి వాయించినప్పుడు మా నాన్న వచ్చాడు. మా నాన్న రోజంతా గుంటమగ్గంలో కూర్చునే మనిషి. పోగుల మధ్య అటూ ఇటూ నాడె పోయే చప్పుడును బట్టి పోగు తెగిందని కనిపెట్టగలడు. వీధిలో ఎన్ని మగ్గాలు ఆడుతున్నాయో ఇంట్లో కూర్చునే చెబుతాడు. ఆ రోజు పెద్ద స్పీకర్ పక్కన చేతులు కట్టుకుని పాటలన్నీ విన్నాడు. ఇంటికొచ్చాక నెమ్మదిగా అన్నాడు.

"నీ చెయ్యి ఆడుతున్నది కన్పిస్తున్నది గాని బిడ్డా, నీ సప్పుడు యినొస్తలేదు."

"ఇద్దరం ఒకటే వాయిస్తం నాయినా. కలిసిపోతది" అన్నాను.

"రెండు మగ్గాలు ఎంత కలిసి ఆడినా రెండే. అక్కడ ఒక్కటే ఆడింది."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకేం తెల్సు? మగ్గం సప్పుడు తప్ప నీకేం ఎరుక?" అన్నాను. నాన్న లేచి మగ్గంలోకి దిగాడు. ఆ తర్వాత నా ఒక్క ప్రోగ్రాంకు కూడా రాలేదు. చదువుకోని మనిషి, సంగీతం ఏం తెలుస్తుందిలే అని నేను మనసుకు సర్దిచెప్పుకున్నాను. సార్ పోయేదాకా, అంటే ఐదేళ్లు, అలాగే సర్దిచెప్పుకున్నాను.

సార్ పదో దినానికి వనపర్తి వెళ్లాను. భోజనాలయ్యాక మిక్సర్ అన్న నా పక్కన వచ్చి కూర్చున్నాడు. ఇక ఆర్కెస్ట్రా నన్నే నడపమని అందరూ అంటున్నారని చెప్పి, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒక మాట చెప్పాలె అక్కా. రేపు నువ్వే వాయిస్తే నీకు ఎట్లనైనా తెలుస్తది. నీ లైను సప్పుడు నేను ఎన్నడూ ఎత్తలే, పెద్ద స్పీకర్లకు పోనియ్యలే. బయటికి పోయిందంతా సార్‌దే. నీది నీ కాళ్ల కాడి ఆంపుల నీకొక్కదానికే యినొచ్చింది."

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పమన్నాను.

"మొదట్ల నీకు తాళం నిలవకపోతుండె. కింద పెట్టమన్నడు, పెట్టిన. రెండో ఏడు మంచిగ కుదిరింది నీకు. ఎత్తుదామా సార్ అని అడిగిన. ఉండనియ్ గట్లనే అన్నడు. ఆడపిల్ల గిటార్ పట్టుకొని ముందర నిలబడితే చాలు, జనం చూస్తరు, ఫంక్షన్లు వస్తయ్, సప్పుడు తప్పితే పేరు నాది పోతది అన్నడు. మళ్ల నేను అడగలే."

లేచి వస్తుంటే సార్ భార్య ఒక గుడ్డమూట చేతిలో పెట్టారు. సార్ ఫ్లాంజర్. "నీకే ఇయ్యాలని ఎప్పుడూ అంటుండె" అన్నారు. రెండు చేతులతో అందుకుని బయటికొచ్చాను. బస్టాండులో ఆ రోజు నేను ఒక్కదాన్నే నిలబడ్డాను.

బస్సులో ఫోన్ తీసి తెలకపల్లి వీడియో వెతికాను. ఎన్నోసార్లు చూసుకుని మురిసిపోయిన వీడియో అది. ఈసారి చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. తీగ తెగుతుంది. నేను చేతులు వదిలేస్తాను. శబ్దంలో ఒక్క గీత పడదు, పలచబడదు. ఆయన సందు నింపడానికి అక్కడ అసలు సందే లేదు. నేను మొక్కింది ఎందుకో తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆత్మకూరులో బస్సు ఆగినప్పుడు ఆ మూటను సీటు కింద వదిలేసి దిగిపోదామనిపించింది.

ఇది రాస్తూ ఆయన్ను క్షమించే ప్రయత్నం చేశాను. కుదరలేదు. మొదటి ఏడాది నా శబ్దం దించినందుకు కోపం లేదు, అప్పుడు నాకు నిజంగా తాళం నిలిచేది కాదు. కుదిరిందని తెలిశాక కూడా నాలుగేళ్లు నన్ను బొమ్మను చేసి నిలబెట్టారు. దానికి కప్పుగా పెడల్ పాఠాన్నే వాడుకున్నారు. ఆ పాఠం మాత్రం నిజమే. నాకు ఈ పని అక్షరం అక్షరం నేర్పిన మనిషి కూడా ఆయనే. బస్సు కదిలేదాకా నిలబడిన మనిషీ ఆయనే. ఈ రెండింటినీ ఎలా కలపాలో నాకు ఆయన చెప్పి పోలేదు.

మర్నాడు పొద్దున నాన్న మగ్గంలో దిగాక, ఆ పక్కనే చాప వేసుకుని మూట విప్పాను. పిన్ను చూసుకుని అడాప్టర్ పెట్టాను. గిటార్ వైరు కుడివైపు నేనే గుచ్చాను. ఎడమవైపుది ఆంప్‌కు నేనే కలిపాను. నాబులను ఎర్ర చుక్కల దగ్గరికి తిప్పబోయి ఆగాను. నాలుగూ పన్నెండు గంటల దగ్గర పెట్టి, చెవి పెట్టి, నాకు నచ్చిన దగ్గరికి నేను తిప్పుకున్నాను. ఆ తర్వాత మీట నొక్కి, ఐదేళ్లుగా నా ఒక్కదానికే వినిపించిన ఆ ఎత్తుకోవడం వాయించాను.

మగ్గం చప్పుడు ఆగింది. నాన్న నాడెను చేతిలో పట్టుకుని తల పక్కకు వంచి విన్నాడు. చాలాసేపు విన్నాడు.

"రెండు ఆడుతున్నయ్" అన్నాడు. "ఇంకొకరు ఎవరు బిడ్డా?"

"ఎవరూ లేరు నాయినా" అన్నాను. "నేనొక్కదాన్నే."

నాన్న మళ్లీ మగ్గం ఆడించలేదు. పెడల్ మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. నాడెను ఒళ్లో పెట్టుకుని, "ఇంకొకసారి వాయించు" అన్నాడు.