మేకకూ ఒక కుర్చీ

ఆ రోజు లైన్‌మన్ జెండా లేచింది హమ్జా కోసమా, మేక కోసమా? ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. దావూద్ కుర్చీలు వేసి మరీ నాకు ఎన్నిసార్లు చూపించాడో, అయినా లేదు. కుర్చీ కనిపిస్తే చాలు, దావూద్ ఆ గోల్ మళ్లీ కొట్టించేవాడు. గద్వాలలో టెంట్ హౌస్ నడిపే మనిషికి కుర్చీ కనిపించని రోజుండదు కదా. అదీ మా కష్టం.

జరిగిందేమిటంటే, మూడు జిల్లాల ఫుట్‌బాల్ పోటీలో ఫైనల్‌కు ఎవరు పోవాలో తేల్చే ఆట మా ఊళ్లోనే పెట్టారు. వనపర్తి మీద మేం ఒక గోల్ వెనకబడి ఉన్నాం. ఆట ముగుస్తుండగా మా హమ్జా బంతిని వలలోకి కొట్టాడు. సరిగ్గా అప్పుడే ఒక మేక మైదానంలోకి వచ్చింది. దాన్ని తోలడానికో, హమ్జా ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడని చెప్పడానికో గీత దగ్గరి లైన్‌మన్ జెండా ఎత్తాడు. రెఫరీ శ్రవణ్ కుమార్ ఈల వేసి గోల్ లేదన్నాడు. జెండా దేనికి ఎత్తావయ్యా అని అడిగితే లైన్‌మన్, రెండిటికీ అన్నాడు. ఊరు భగ్గుమంది.

అప్పటినుంచి దావూద్ ఎక్కడ శామియానా వేసినా కుర్చీలు వరుసలో ఉండేవి కావు. ఇటు గద్వాల, అటు వనపర్తి, నడుమ రెఫరీ. పక్కన ఒక చిన్న స్టూలు, అది మేక. భాగ్యమ్మ మనవరాలి తొట్టెల నాడు, ఆ పెద్దావిడ వచ్చి ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడింది.

"పెద్దమ్మా, జర లే. వనపర్తి గోల్‌కీపర్ మీద కూసున్నవ్."

"మోకాళ్లు నొస్తున్నయ్ బిడ్డా. ఆడే ఏమంటలేడు, నడుమ నీదేంది?"

ధరూర్‌లో ఎవరివో దినాలు. పలకరించడానికి వచ్చిన సర్పంచ్ పోయి పోయి ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. మీరు మేక జాగాలో కూర్చున్నారని దావూద్ చెవిలో చెప్పేసరికి ఆయన మొహం మాడిపోయింది. చివ్వున లేవబోయాడు.

"గా ఆటల తప్పు చెయ్యంది మేక ఒక్కటే సాబ్," అన్నాడు దావూద్.

సర్పంచ్ మళ్లీ కూర్చున్నాడు. భోజనానికి పిలిచినా ఆ స్టూలు వదల్లేదు.

ఇంట్లో దావూద్ భార్య మెహబూబీ పీటలన్నీ అటకెక్కించింది. లాభం లేకపోయింది. "రొట్టెల్తోని ఆడుతుండు సార్," అని నాతో మొరపెట్టుకుంది. "హమ్జా రొట్టెను ఎవ్వర్ని తిననిస్తలేడు."

రానురాను అతను ఎదురైతే జనం సందులోకి తిరగడం మొదలుపెట్టారు. కొట్టు కట్టేసే వేళకు కూడా కదలని గిరాకీలుంటే హోటలాయన దావూద్‌ను పిలిచి టీ పోయించేవాడు. అతను రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి, "ఇగ ఇది హమ్జా అనుకోన్రి," అనగానే హోటలు ఖాళీ.

ఏడాది తిరిగేసరికి పిడుగులాంటి వార్త. మా పక్కింటి కురుమూర్తి కూతురు రేఖకు పెళ్లి కుదిరింది, కల్వకుర్తి పిల్లవాడు, బడిలో ఆటల మాస్టరు. ఆ మాస్టరే రెఫరీ శ్రవణ్ కుమార్.

సగం చల్లారిన ఊరు మళ్లీ రాజుకుంది. కుర్రాళ్లకు పెద్ద రంజిత్. ముహూర్తం వేళకు మేకల మందను తీసుకొచ్చి పందిట్లోకి తోలుతామని, జెండాలు కూడా ఊపుతామని బజార్లో ప్రకటించాడు. పెళ్లివారు చిన్నబుచ్చుకుని వెనక్కి పోతారేమోనని కురుమూర్తికి ముద్ద దిగడం మానేసింది. పైగా శామియానా తనే వేస్తానని దావూద్ పట్టుబట్టాడు. వద్దంటే ఒక భయం, సరేనంటే ఇంకో భయం. చివరికి కురుమూర్తి దేవుడి మీద భారం వేసి సరేనన్నాడు.

పెళ్లినాడు పొద్దున్నే మేకలు వచ్చాయి. వాటి వెనక రంజిత్, అతని వెనక గుంపు. పందిరి బయట ఖాళీ జాగాలో రెండు జట్ల కుర్చీలు సిద్ధంగా ఉన్నాయి. దావూద్ చేతులు చాచి ఎదురు వెళ్లాడు.

"రాన్రి, మీ కోసమే చూస్తున్న. రెఫరీ గూడ లోపలనే ఉండు. ఇయ్యాల మొత్తం మొదటికెల్లి చూపిస్త."

రంజిత్ మొహంలో రంగు మారింది. "మొదటికెల్లినా చిచ్చా?"

"టాస్ కాడికెల్లి."

గుంపులో ఒకడు మోగని ఫోను చెవికి పెట్టుకుని పక్కకు పోయాడు. ఇంకొకడికి మేకను నీడలో కట్టాలని గుర్తొచ్చింది. లోపల్నుంచి బగారన్నం వాసన వస్తుంటే ఒక్కొక్కరే అటు జారుకున్నారు. దావూద్ టాస్ వేసి, మొదటి సగం సగానికి వచ్చేసరికి రంజిత్ ఒక్కడే మిగిలాడు.

"చిచ్చా, అయిపాయె గద. ఇగ ఇడిసిపెట్టు."

"ఎట్ల ఇడుస్త? ఇన్సాఫ్ గావాలె నాకు, న్యాయం గావాలె."

"పిల్ల పెండ్లి చిచ్చా. జర ఊకో, నీకు దండం బెడత," అని రంజిత్ అతన్ని గట్టిగా పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. నీళ్లు తాగించాడు. మళ్లీ లేచి గొడవ చేస్తాడేమో చూస్తుండమని నాకు అప్పగించి, తను పోయి అక్షింతలు వేసి వచ్చాడు. లోపల బాజాలు గట్టిగా మోగాయి. తాళి పడింది.

దావూద్ గ్లాసు కింద పెట్టాడు. అతని మొహంలో కోపం లేదు. మనిషి హాయిగా కాళ్లు చాపుకున్నాడు. ఇదంతా కావాలనే చేస్తున్నావా అని మెల్లగా అడిగాను.

"మ్యాచ్ నాడు పోరగాండ్లు రాళ్లు పట్టిన్రు సార్. గా రెఫరీ పిలగాడు గజగజ వణుకుతుండు. ఏం చెయ్యాల్నో తెల్వలే. ఆగున్రి, ఎట్ల జరిగిందో చూపిస్త అని కుర్చీలేసిన. ఆళ్లు నాతోని కొట్లాడుతుంటె ఆయన బస్సెక్కిండు."

"మరి ఏడాది పొడుగునా ఎందుకు?"

"కొత్త కోపం కొడతది సార్. పాత కోపం ఆవులిస్తది. జల్ది పాతగ చెయ్యాలె గద."

ఇంకేదో అడగబోయాను. అంతలో పందిట్లోంచి శ్రవణ్ కుమార్ తలపాగాతో, పూలదండతో మావైపే రావడం కనిపించింది. ఆ రోజు తనను బస్సెక్కించిన మనిషిని అతను గుర్తుపట్టినట్టున్నాడు. దావూద్ అది చూశాడు. "గీ పిలగాడు అందరి ముందట దండం బెడితె నా ఏడాది కష్టం పాయె సార్," అన్నాడు. మెహబూబీని కూడా పిలవలేదు. గబగబా పోయి ట్రాలీ ఆటో ఎక్కి స్టార్ట్ చేశాడు. పెళ్లికొడుకు దండ ఊగుతుండగా ఆటో వెనక పరుగెత్తాడు. పిల్లవాడు పారిపోతున్నాడనుకుని కురుమూర్తి అతని వెనక పరుగెత్తాడు. కురుమూర్తి వెనక, అన్నం చేతులతో రంజిత్ గుంపు. అంత మంది పిలుస్తున్నా వెనక్కి చూడకుండా దావూద్ మలుపు తిరిగిపోయాడు.