పెట్టనని మాటిచ్చిన టేపు

మా అమ్మాయి పన్నెండేళ్ల వయసులో గుడి ఆడిటోరియంలో పాడిన పాట టేపు నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఆకుపచ్చ పట్టులంగా, పక్కన శ్రుతి పెట్టె, చివర్లో చప్పట్లు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వచ్చిన మనిషికి దాన్ని చూపించాను. చూపించనని అమ్మాయికి మాటిచ్చి మరీ చూపించాను.

అప్పుడు మేము న్యూజెర్సీలో, పార్సిప్పనీలో ఉండేవాళ్లం. అమ్మాయి కాలేజీ పూర్తి చేసి, పగలు ఒక మందుల షాపులో పనిచేస్తూ, సాయంత్రాలు మా బేస్‌మెంట్‌లో బ్యాండు నడిపేది. హైస్కూల్ నుంచి స్నేహితుడైన ఒక అబ్బాయి గిటారు వాయించేవాడు. బేసుకి, డ్రమ్ములకి ఇంకో ఇద్దరు. మా అమ్మాయి అరిచేది. పాడేది కాదు, అరిచేది. ఆ సంగీతాన్ని మెటల్‌కోర్ అంటారని తనే చెప్పింది. డ్రమ్ములు పరిగెత్తి పరిగెత్తి ఒక్కసారిగా నెమ్మదించి బరువుగా పడేవి. దాని మీద ఈ అరుపు. పైన వంటింట్లో గ్లాసులు అదిరేవి.

ఏడేళ్లపాటు ప్రతి శనివారం నలభై నిమిషాలు డ్రైవ్ చేసి కర్ణాటక సంగీతం క్లాసుకి తీసుకెళ్లినవాణ్ణి నేను. దానికి ఫలితం ఇదా అనిపించేది. గొంతు పాడైపోతోందని పట్టుబట్టి డాక్టర్‌కి చూపించాను. ఆయన లోపలికి కెమెరా పెట్టి చూసి, శుభ్రంగా ఉందన్నాడు. తిరిగొస్తూ కార్లో అమ్మాయి అంది: "ఇది కూడా టెక్నిక్కే నాన్నా. గొంతుతో కాదు, ఊపిరితో చెయ్యాలి. రోజూ అరగంట వార్మప్ చేస్తా. నువ్వు ఎప్పుడైనా విన్నావా?"

వినలేదు. వాళ్లు మొదలుపెట్టగానే బేస్‌మెంట్ తలుపు వేసి టీవీ సౌండు పెంచేవాణ్ణి.

గుడిలో ఒకాయన ఉండేవాడు, ఎవరినీ వదిలేవాడు కాదు. "ఏమండీ, మీ బేస్‌మెంట్‌లో ఎలుగుబంటిని పెంచుతున్నారట! పర్మిట్ తీసుకున్నారా?" అన్నాడు ఒకసారి, ప్రసాదం వరసలో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆవిడ మాత్రం, "తీసుకున్నామండీ. ఒక వారం మీ ఇంటికి పంపమంటారా? దొంగల భయం ఉండదు," అంది.

మొదటి ఆల్బమ్‌ని ఒక చిన్న కంపెనీ వేసింది. రెండోదానికి ఒక పెద్ద కంపెనీ ముందుకొచ్చింది. సంతకం పెట్టే ముందు అమ్మాయి ఆ కాగితాలు నాకు చూపించింది. నా ఉద్యోగపు కాంట్రాక్టులు చదివినట్టే తేదీలు, నోటీసు పీరియడ్ చూసి బాగుందన్నాను. పాటలు ఎలా ఉండాలనే విషయంలో చివరి మాట ఎవరిదో చూడలేదు. అది కంపెనీది.

కంపెనీ తరఫు మనిషి ఒక ఆదివారం ప్రాక్టీసు వినడానికి వస్తానన్నాడు. ఇంటికొచ్చినవాణ్ణి తిండి పెట్టకుండా ఎలా పంపుతామంది మా ఆవిడ. ఆ పొద్దున నేను కూరగాయలు తరుగుతుంటే అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది.

"నాన్నా, ఒక్క విషయం. టేపులు పెట్టకు."

"ఏ టేపులు?"

"ఏ టేపులో నీకు తెలుసు. వాళ్లు ఆల్రెడీ మెలోడీ, మెలోడీ అని చంపుతున్నారు. మాలో ఎవరికీ పాడటం రాదు అని చెప్పాం. నేను పాడగలను అని తెలిస్తే అయిపోయింది. అది ఇంక మా మ్యూజిక్ కాదు."

"నేనెందుకు పెడతానమ్మా."

"ప్రామిస్?"

"ప్రామిస్."

ఆయన వచ్చాడు. మర్యాదస్తుడు. గుత్తి వంకాయ తిని ముక్కు ఎర్రబడి, నీళ్లు తాగి, మళ్లీ వేయించుకున్నాడు. అమ్మాయి, గిటారు అబ్బాయి ముందే తినేసి సామాను సర్దుకోవడానికి కిందికి వెళ్లారు. "మీ అమ్మాయిలో ఒక రాక్షసి ఉంది," అన్నాడాయన ఇంగ్లీషులో, పొగడ్తగానే. నాకు ప్రసాదం వరసలో నవ్వులు గుర్తొచ్చాయి. లేచి టీవీ దగ్గరికి వెళ్లాను.

"ఏమండీ, వద్దు. పిల్ల వద్దంది కదా," అంది మా ఆవిడ తెలుగులో.

"రెండు నిమిషాలేగా."

రెండు నిమిషాలు కాదు. ఆయన తినడం ఆపేశాడు. ఒకచోట వెనక్కి తిప్పి మళ్లీ పెట్టమన్నాడు, పెట్టాను. అప్పటికి అమ్మాయి మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉంది. టీవీలో తన పన్నెండేళ్ల మొహం చూస్తోంది. నా వైపు చూడలేదు. వెనక నిలబడ్డ గిటారు అబ్బాయి చూశాడు. ఆ రహస్యం వాళ్లిద్దరిదీ. "అంకుల్," అన్నాడు. అంతే.

తండ్రి గర్వం కొద్దీ పెట్టానని చాలాకాలం చెప్పుకున్నాను. అది సగమే. పెడితే ఏమవుతుందో ఆ పొద్దునే అమ్మాయి విడమరచి చెప్పింది. అది కావాలనే పెట్టాను. నేను ఆపలేని అరుపును వాళ్లయినా ఆపుతారనుకున్నాను.

ఆపారు. ఆల్బమ్‌లో ముప్పాతిక వంతు పాటే ఉండాలన్నారు. కాదనడానికి మా అమ్మాయి దగ్గర కారణం మిగల్లేదు. రికార్డింగ్ మధ్యలో గిటారు అబ్బాయి బ్యాండు వదిలేశాడు. తన పెద్ద స్పీకరు తీసుకెళ్లడానికి మా ఇంటికొస్తే, రెండో వైపు పట్టుకుని కారు దాకా మోశాను. "థాంక్యూ అంకుల్," అన్నాడు. సారీ అనడానికి బేస్‌మెంట్ మెట్లన్నీ ఎక్కేంత సమయం ఉంది. అనలేదు.

ఆల్బమ్ రాగానే ఒక అట్టపెట్టెడు సీడీలు కొని గుడిలో పంచాను. ఎలుగుబంటి ఆయన మరుసటి వారం నా చెయ్యి పట్టుకుని, "అమృతం అండీ! ఇలా పాడే పిల్లని ఇన్నాళ్లు దాచారేంటి?" అన్నాడు. ఆ మాటని ఇంటికి తీసుకెళ్లి అమ్మాయికి చెప్పాను కూడా. తను అన్నం కలుపుకుంటూ తల ఊపింది.

వాళ్ల షోకి నేను మొదటిసారి వెళ్లింది అప్పుడే. పాత పాట ఒకటి వచ్చినప్పుడు ముందు వరసల్లో కుర్రాళ్లు ఎగిరారు. కొత్తవి మొదలవగానే చేతులు కట్టుకుని నిలబడ్డారు. మా అమ్మాయి కళ్లు మూసుకుని పాడింది. శ్రుతి ఎక్కడా తప్పలేదు. అయిపోయాక టీషర్టులు అమ్మే బల్ల దగ్గర, ముక్కుకి రింగు పెట్టుకున్న ఒక పిల్ల అమాయకంగానే అడిగింది, ఇప్పుడెందుకు అరవడం లేదని. మా అమ్మాయి ఆ పిల్ల భుజం మీదుగా నన్ను చూసింది.

"నువ్వే చెప్పు నాన్నా," అంది, తెలుగులో.

టీషర్టు సైజు చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

ఏడాది తిరక్కుండానే బ్యాండు విడిపోయింది. ఆ ఆల్బమ్ అమ్ముడుపోయి ఉంటే నేను ఇదంతా రాసేవాణ్ణా? ఏమో, ఖాయంగా చెప్పలేను. అమ్మాయి మళ్లీ చదువుకుని, దేశానికి ఆ చివర, పడమటి తీరాన బాతెల్ అనే ఊళ్లో ఒక ల్యాబ్‌లో చేరింది. ఇప్పుడు పాడదు, అరవదు. ఫోన్లో ఒకసారి క్షమించమని అడిగాను. "ఓకే నాన్నా," అని, అమ్మ బీపీ ఎలా ఉందని అడిగింది.

ఈ మధ్య కార్లో ఆ మొదటి ఆల్బమ్ వింటున్నాను. మాటలు నాకిప్పటికీ అర్థం కావు. కానీ ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో తెలుస్తోంది. శనివారం క్లాసుల్లో నేర్చుకున్న ఊపిరే అది.

పోయిన నెల తన దగ్గరికి వెళ్లాం. ఎయిర్‌పోర్ట్ నుంచి వానలో తనే డ్రైవ్ చేస్తోంది. మా ఆవిడ వెనక సీట్లో నిద్రపోతోంది.

"తల్లీ, ఒక్కసారి అలా అరుస్తావా? నాకు వినాలనుంది," అన్నాను.

నవ్వింది. "ఇప్పుడా? ఎవరైనా గెస్టులు వస్తున్నారా?"

లేదన్నట్టు తల అడ్డంగా ఊపాను. మళ్లీ తనే అంది: "వార్మప్ లేకుండా చేస్తే గొంతు పోతుంది నాన్నా."

"అయితే వార్మప్ చెయ్యి. అరగంటేగా. వింటా."

వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"ఎలా మొదలుపెట్టేదాన్నో గుర్తులేదు," అని, ఇండికేటర్ వేసి, తన వీధిలోకి తిప్పింది.