ఎక్కడికి అని అడగని ఇల్లు

మా ఇంట్లో బయటికి వెళ్ళేవాళ్ళని "ఎక్కడికి?" అని అడగరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. శ్రీకాకుళం వైపు మా పుట్టింట్లో ఎవరైనా చెప్పుల్లో కాళ్ళు పెడుతుండగా ఆ మాట నా నోటి నుంచి జారిందా, మా అమ్మ నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేసేది. "బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడుగుతావేటే? ఎల్లిన పని అవుద్దా?" అనేది. జారిన మాటకి విరుగుడూ ఉండేది. వెళ్ళే మనిషి చెప్పులు విప్పి వెనక్కి రావాలి, కాసేపు కూర్చోవాలి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. తెలుసుకోకపోతే మరీ ప్రాణం కొట్టుకుంటుంటే "దూరమా?" అని అడగొచ్చు. దూరమే అంటే దూరం, దగ్గరే అంటే దగ్గర. అంతకు మించి ఆరా తీయకూడదు.

పెళ్ళయి సికింద్రాబాద్ వచ్చినప్పుడు ఈ అలవాటు కూడా నాతోనే రైలెక్కింది. ఆయనదీ మా వైపే కాబట్టి కొత్తగా నేర్పాల్సిన పని పడలేదు. ఆయన ఒక ఆఫీసులో గుమస్తా. నేను బళ్ళో ఇంగ్లీషు గ్రామర్ చెప్పేదాన్ని. చిలకలగూడలో, స్టేషన్‌కి నడిచే దూరంలో, మేడ మీద రెండు గదుల వాటా. పిల్లలు లేరు. ఈ మాట చెప్పగానే జనం అయ్యో అన్నట్టు ఒక ముఖం పెడతారు, ఆ ముఖం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇద్దరం బాగానే ఉన్నాం. ఆయన గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటుంటే నేను వంటింట్లోంచి "దూరమా?" అనేదాన్ని. "దగ్గరే" అనేవారు. కూరగాయలకైనా దగ్గరే, బ్యాంకుకైనా దగ్గరే. ఇద్దరం రిటైరైనా ఆ రెండు మాటలు మాత్రం రిటైరవలేదు.

మూడేళ్ళ కిందట ఒక మంగళవారం, పొద్దున్న పదింటికి, అలాగే అడిగాను. "కొంచెం దూరమే" అన్నారు.

నా చేతిలో పప్పు గిన్నె ఉంది. ఆ జవాబు నేను ఎప్పుడూ వినలేదు. ఎక్కడికి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. ఆయన మెట్లు దిగిన చప్పుడు వినిపించింది. నేను పప్పు కడగడానికి వెళ్ళిపోయాను.

ఒంటిగంటకి ఆయన నంబరు నుంచే ఫోనొచ్చింది, మాట్లాడింది మాత్రం ఎవరో పరాయి మనిషి. ఊరికి ఆ చివర ఏ.ఎస్. రావు నగర్‌లో బస్సు దిగి నాలుగు అడుగులు వేసి కూలబడిపోయారట. నేను ఆటోలో వెళ్ళేసరికి అంతా అయిపోయింది, గుండె ఆగిపోయిందన్నారు. చుట్టూ జనం. అందులో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

ఏ.ఎస్. రావు నగర్‌లో మాకెవరూ లేరు. చుట్టం లేడు, స్నేహితుడు లేడు, చూపించుకునే డాక్టరూ లేడు. జేబులో బస్సు టికెట్టు, కళ్ళజోడు, చేతిరుమాలు. అంతే. ఆయన పాత ఆఫీసువాళ్ళని అడిగాను, మాకేం తెలుసమ్మా అన్నారు. ఆ మనిషి ఎక్కడికి వెళ్తున్నాడో, ఎవరి కోసం వెళ్తున్నాడో నాకు ఈ రోజుకీ తెలీదు.

ఆ తర్వాత ఇంట్లో మాట అన్నది లేకుండా పోయింది. పాల ప్యాకెట్టుకి వెళ్తూ గడప దగ్గర ఒక్క క్షణం ఆగేదాన్ని. వెనక నుంచి ఎవరైనా దూరమా అంటారేమోనని ఆగానని తెలిసి నా మీద నాకే కోపం వచ్చేది. ఎవరున్నారని? కింద వాటాలో ఉండే ఆవిడ, ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి, ఒక రోజు పైకి వచ్చి నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏందీ ఆంటీ, గిట్ల గోడలు చూసుకుంట ఎన్ని రోజులు కూసుంటవ్? జెర ఎవరికన్న చదువు చెప్పరాదు? నీకు సుత పొద్దు పోతది" అంది. వద్దన్నా వినకుండా వారం తిరిగేలోపు ఒక అమ్మాయిని తెచ్చి నా ముందు నిలబెట్టింది.

ఆ పిల్ల తిరుమలగిరిలో ఆర్మీ క్వార్టర్స్‌లో ఉంటుంది. మొగుడు సైన్యంలో. రాజస్థాన్ వాళ్ళు. దగ్గర్లోని చిన్న బళ్ళో నర్సరీ పిల్లల్ని చూసుకునే పని దొరికిందట, ఆ పిల్లలు తెలుగులో ఏడుస్తారు, ఎందుకు ఏడుస్తున్నారో తనకి అర్థం కాదు. అందుకని తెలుగు కావాలంది. నాకు ఆ కారణం నచ్చింది.

అప్పటికే ఇంగ్లీషు ద్వారా తెలుగు నేర్పే పుస్తకం ఒకటి కొని బట్టీ పట్టింది. మొదటి రోజు నా ఎదురుగా ఆయన కుర్చీలో కూర్చుని, చేతులు కట్టుకుని అప్పజెప్పింది. "ఎక్కడికి మీరు వెళ్తున్నారు? ఏమిటి మీరు తింటున్నారు? ఎందుకు మీరు ఏడుస్తున్నారు?"

"ఓలమ్మో! ఏటమ్మాయీ, పోలీస్ స్టేషన్లో అడిగినట్టు?" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఎన్నాళ్ళయిందో ఆ ఇంట్లో నవ్వు వినిపించి.

కాగితం తీసుకుని ఇంగ్లీషులో చెప్పాను. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పిల్లలకి ఇంగ్లీషు పాఠంలో నేను నేర్పింది ఇదే మరి. ఆ భాషలో ప్రశ్న మాట తన చోటు నుంచి లేచి అందరికంటే ముందుకొచ్చి నిలబడుతుంది, వెనక దాని చోటు ఖాళీగా ఉండిపోతుంది. కొన్ని దేశాల భాషల్లో అయితే ఎవరు, ఎవరికి, ఏమిటి అని మూడు మాటలున్నా మూడూ ముందుకొచ్చి వరసలో నిలబడతాయట. మన తెలుగులో ఆ హడావుడి లేదు. జవాబు ఏ కుర్చీలో కూర్చుంటుందో ప్రశ్నా అదే కుర్చీలో కూర్చుంటుంది. మీరు బజారుకి వెళ్తున్నారు. బజారుకి అన్నది తీసెయ్యి, అక్కడే ఎక్కడికి అని పెట్టు. అయిపోయింది. మరీ కోపమొస్తే చివరికి నెట్టు, వెళ్తున్నది ఎక్కడికీ అని.

ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి, తనూ ఇంగ్లీషులోనే అంది. "ఆంటీ, మా హిందీలో కూడా అంతే కదా! ఆప్ కహాఁ జా రహే హైఁ!" అంటూ నుదురు కొట్టుకుంది. తన ఇంట్లో ఉన్నదాన్ని ఆ పుస్తకం పుణ్యమా అని మర్చిపోయింది.

ఆమె వెళ్ళాక ఆ కాగితం నా ముందే ఉంది. దాని అడుగున రాశాను, ఆయన ఎక్కడికి వెళ్తున్నారు అని. ఎక్కడికి తీసేసి ఒక్కొక్కటే పెట్టి చూశాను. ఆయన డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. ఆయన చెప్పుల షాపుకి వెళ్తున్నారు. ఆయన ఎవరింటికో వెళ్తున్నారు. ఈ మూడోది రాసి వెంటనే కొట్టేశాను. పోయిన మనిషి మీద అనుమానం ఏమిటని సిగ్గేసింది. సిగ్గేసినా అనుమానం పోలేదు. కాగితం నిండిపోయింది, ఒక్క వాక్యం మీదా నమ్మకం కుదరలేదు.

వారానికి రెండు రోజులు, సాయంత్రం నాలుగింటికి ఆ పిల్ల వచ్చేది. మంగళవారం, శుక్రవారం. మంగళవారం నేను కావాలనే పెట్టుకున్నాను, ఆ రోజు ఒక్కదాన్నే ఉండలేక. ఒకసారి పాఠం అయ్యాక నేనూ కూరలకని సంచీ తీసుకుని గుమ్మం దాటుతున్నాను. వెనక నుంచి ఆ పిల్ల, వాక్యం తప్పు లేకుండా కుదిరిందన్న సంతోషంతో, "మీరు ఎక్కడికి వెళ్తున్నారు?" అంది.

"అలా అడక్కూడదు!" అని గట్టిగా కసిరేశాను. పాపం బెదిరిపోయింది. తర్వాత మనసొప్పక కూర్చోబెట్టి అంతా చెప్పాను. దూరమా అని మాత్రమే అడగాలనీ, పొరపాటున అడిగితే వెనక్కి వచ్చి నీళ్ళు తాగి వెళ్ళాలనీ. ఆయన సంగతి మాత్రం చెప్పలేదు. "మాకూ ఉంది ఆంటీ, టోక్నా అంటాం. మా నానమ్మ బాగా తిట్టేది" అంది. అలా అంటూనే వంటింట్లోకి వెళ్ళి నాకు గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది. నేను మళ్ళీ కూర్చుని తాగాను.

ఏడాది గడిచింది. తెలుగు నాకంటే వేగంగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టి వచ్చి ఆ కబుర్లన్నీ నాకు చెప్పేది. ఒక శుక్రవారం తల దించుకుని "పోస్టింగ్ వచ్చింది ఆంటీ, వచ్చే వారం వెళ్ళిపోతున్నాం" అంది. ఏ ఊరని నేను అడగలేదు. బయల్దేరుతున్నవాళ్ళని మా ఇంట్లో అడగరు కదా. ఆ మాట అడ్డం పెట్టుకుని రెండు రోజులు అన్నం సయించక తిరిగాను. ఇంకొక మనిషి ఎక్కడికి వెళ్తుందో తెలియకుండా వెళ్ళిపోతుంది, నేను మళ్ళీ పప్పు కడుక్కుంటూ ఉంటాను.

చివరి మంగళవారం పాఠమేమీ జరగలేదు. టీ తాగాం. కాళ్ళకి దణ్ణం పెట్టింది. గుమ్మంలో నిలబడి ఒక చెప్పు వేసుకుని "వెళ్ళొస్తాను ఆంటీ" అంది. దూరమా అందామని నోరు తెరిచాను.

"ఎక్కడికి?" అన్నాను.

ఆ పిల్ల అలాగే ఆగింది. నా ముఖంలోకి చూసింది. వేసుకున్న చెప్పు విప్పేసి, తిన్నగా లోపలికి వచ్చి, ఆయన కుర్చీలో కూర్చుని "మంచినీళ్ళు ఇవ్వండి" అంది. స్టీలు గ్లాసుతో తెచ్చిచ్చాను. తొందర లేకుండా, గుక్క గుక్కగా తాగుతూ "మేము జోధ్‌పూర్ వెళ్తున్నాం ఆంటీ. మా అత్తగారి ఊరికి దగ్గరే" అంది.

నాకు ఊరి పేరు సరిగ్గా చెవికెక్కలేదు. నేను ఆ కుర్చీనే చూస్తున్నాను. ఆ రోజు అడిగి ఉంటే ఆయన ఏం చేసేవారు? "ఛ, పని చెడగొట్టావు కదే" అని విసుక్కుంటూ చెప్పులు విప్పి వెనక్కి వచ్చేవారు. ఈ కుర్చీలోనే కూర్చునేవారు. ఇలాగే నీళ్ళడిగేవారు. గుండె ఆగేదే అయితే ఇక్కడ ఆగేది, నా చెయ్యి ఆయన మీద ఉండేది. మూడేళ్ళుగా నేను ఎక్కడికన్న జవాబు కోసం ఏడుస్తున్నాను. నాకు కావలసింది ఆ గ్లాసుడు నీళ్ళు తాగేంతసేపు.

నీళ్ళు అయిపోయాయి. ఆ పిల్ల గ్లాసు కింద పెట్టి, లేచి, గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"ఎక్కడికి?" అన్నాను మళ్ళీ.

వెనక్కి తిరిగి చూసింది. నా కళ్ళు చూసి చెప్పులు విప్పింది.